నేను చేర్చిన ‘అంట’

తొమ్మిదేళ్ళుగా ఒక చిన్న మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మాట కూడా కాదు, మాటకు అంటించిన తోక. బయటికి ఎవరికీ వినపడదు. నాకు మాత్రం అన్నం తింటున్నప్పుడు, కారు నడుపుతున్నప్పుడు, ఎవరైనా నన్ను మెచ్చుకుంటున్నప్పుడు వినపడుతుంది. మెచ్చుకున్నప్పుడు మరీ గట్టిగా.

నా పేరు చెప్పను. చెబితే మేముండే ఈ పరదేశపు ఊళ్ళో, వెర్రిబీలో, సగం మంది తెలుగువాళ్ళకు నేనెవరో తెలిసిపోతుంది. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను. మధ్యలో ఆపేస్తానేమో. ఆపితే ఏమీ అనుకోకండి, మళ్ళీ మొదలుపెడతాను.

హేమ నా తోడికోడలు. మా మరిది భార్య. నాకన్నా ఎనిమిదేళ్ళు చిన్న. గుంటూరు దగ్గరి పల్లె నుంచి ఇద్దరు పిల్లలతో ఇక్కడికి వచ్చినప్పుడు మొదటి ఏడాది మా ఇంట్లోనే ఉన్నారు. ఇంటర్ దాకా తెలుగు మీడియం. ఇంగ్లీషు చదవగలదు, నిదానంగా రాయగలదు. ఇక్కడివాళ్ళు మాట్లాడితే మాత్రం ఒక్క ముక్క పట్టుకోలేకపోయేది. వాళ్ళు సగం మాట నోట్లోనే ఉంచుకుంటారు మరి. అప్పటికే నేను వచ్చి పన్నెండేళ్ళయింది. చైల్డ్‌కేర్‌లో ఉద్యోగం. స్కూలు ఫారాలైనా, వీసా కాయితాలైనా, ఇల్లు అద్దెకిచ్చిన ఏజెంటుతో పేచీ అయినా నా దగ్గరికే వచ్చేవి. మా మరిది నన్ను ‘మన ఇంటి హైకమిషనర్’ అని ఏడిపించేవాడు. నేను విసుక్కున్నట్టు నటించేదాన్ని. ఆ పిలుపంటే లోపల ఎంత ఇష్టమో ఎవరికీ తెలియనిచ్చేదాన్ని కాదు.

హేమకు పంతొమ్మిదేళ్ళప్పుడు గుంటూరులో ఎడమ రొమ్ములోంచి ఒక గడ్డ తీశారు. క్యాన్సర్ కాదు. ఆ వయసు ఆడపిల్లల్లో చాలామందికి వచ్చేదే. కానీ తీసినచోట గుంట పడిపోయింది. ఇద్దరు పిల్లలకు పాలిచ్చి మానేశాక రెండువైపులా ఏమీ మిగల్లేదు. పెళ్ళికి ముందు నుంచే ఎడమవైపు ఒక చేతిరుమాలు నాలుగు మడతలు పెట్టుకునేదట. ఏడాది ఒకే ఇంట్లో ఉండి కూడా ఈ సంగతి నాకు తెలియలేదు. తెలిసింది ఈతకొలనులో.

అప్పటికి వాళ్ళు వేరే ఇల్లు తీసుకున్నారు, మా వీధికి రెండు వీధుల అవతల. ఒక శనివారం పిల్లల స్విమ్మింగ్ క్లాసుకి నేనూ వెళ్ళాను. చిన్నవాడికి మూడేళ్ళు, వాడితోబాటు తల్లి కూడా నీళ్ళలో దిగాలి. హేమ మోచేతులు దాటిన చొక్కా, కాళ్ళు కప్పే లెగ్గింగ్ వేసుకుని దిగింది. కాసేపటికి మడత విడిపోయిన చేతిరుమాలు నీళ్ళమీద తేలింది. పక్క వరుసలో ఉన్న హేమ కూతురు మేఘన, అప్పటికి ఎనిమిదేళ్ళది, దాన్ని పట్టుకుని పైకెత్తి, “మమ్, ఈజ్ దిస్ యువర్స్?” అని అరిచింది. అందరూ తిరిగి చూశారు. అది చేతిరుమాలే కదా, ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. హేమ మొహం చూశాక నాకు అర్థమైంది.

మర్నాడు మా వంటింట్లో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ, తల ఎత్తకుండా చెప్పింది.

“అక్కా, నేను ఆపరేషన్ చేయించుకుంటా. ఇంప్లాంట్లు పెట్టించుకుంటా. నాకు కావాలి.”

మరిది ఏమంటాడని అడిగాను. ఇంకేం అడగాలో తెలియక.

“ఆయనకి చెప్పా. నీ ఇష్టం అన్నాడు. ఆయన కోసం కాదక్కా, ఎవరి కోసమూ కాదు. స్నానం చేసొచ్చి అద్దంలో చూసుకుంటే నేనే కనపడాల. అంతే.”

నాకు కావాలి. ఈ మాట దగ్గరే నేను ఆగిపోయాను. అప్పుడు తెలియలేదు, ఇప్పుడు తెలుస్తోంది. నలభై దాటిన దాన్ని, జీతం తెచ్చుకునే దాన్ని, ఊరందరి ఫారాలు నింపే దాన్ని, నా కోసం నేను ఎప్పుడైనా అంత నిబ్బరంగా ‘కావాలి’ అన్నానా? చీర కొనుక్కున్నా ‘అందరూ కొంటున్నారని’ అనేదాన్ని. ఊరెళ్ళాలనిపిస్తే ‘అమ్మ రమ్మంటోంది’ అనేదాన్ని. నాకంటూ ఏదీ అడగకపోవడమే పెద్దరికమని నెత్తిన పెట్టుకుని తిరిగాను. ఈ పిల్ల, వచ్చి రెండేళ్ళు కాలేదు, చిక్కుడుకాయలు ఒలుస్తూ అడిగేసింది. నాకు కుళ్ళొచ్చింది. ఇంకో మాటేం లేదు దానికి.

ఫ్యామిలీ డాక్టరు ముందు స్కాన్ తీయించారు. ఒక్కోవైపు ఒక్కో చిన్న గడ్డ కనిపించింది. సూది పెట్టి పరీక్ష చేశారు. రెండూ మామూలువే, క్యాన్సర్ కాదు అని వచ్చింది. ఇక మిగిలిన ప్రశ్న ఒక్కటే. గడ్డలుండగా ఇంప్లాంట్లు పెట్టించుకోవచ్చా? దానికి సిటీలో ఒక సర్జన్ దగ్గరికి రాసిచ్చారు. ఆ క్లినిక్‌వాళ్ళు ఫోన్ చేసి, తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని ఏర్పాటు చేయమంటారా అని అడిగారు. హేమ హడలిపోయింది.

“తెలుగు ఇంటర్‌ప్రెటర్ అంటే మనోళ్ళే కదక్కా. రేపు తెలుగు బడిలో ఎదురుపడితే మొహం ఎక్కడ పెట్టుకోను? నువ్వు రా.”

ఆ మాటలో ఎంత నమ్మకం ఉందో చూడండి. పరాయివాళ్ళకు తెలియకూడదని నన్ను తీసుకెళ్ళింది. ఆ ఇంటర్‌ప్రెటర్ ఎవరైనా సరే, విన్నది విన్నట్టు చెప్పి ఉండేవాళ్ళు.

సర్జన్ ఆడమనిషే. తెల్లజుట్టు, తక్కువ గొంతు. నన్ను కాకుండా హేమనే చూస్తూ నిదానంగా మాట్లాడింది. కాయితం మీద బొమ్మ కూడా గీసింది, గడ్డ ఎక్కడుంటుందో, ఇంప్లాంటు దాని వెనకాల ఎక్కడ కూర్చుంటుందో. ఆవిడ చెప్పింది నాకు ఒక్క ముక్క పొల్లుపోకుండా గుర్తుంది. ఇలాంటి గడ్డలున్నంత మాత్రాన ఇంప్లాంట్లు పెట్టకూడదని ఏమీ లేదు. అయితే ముందు స్కాన్లు అన్నీ తాజాగా ఉండాలి. కావాలంటే రెండిట్లో కాస్త పెద్దదాన్ని అదే ఆపరేషన్‌లో తీసేయొచ్చు, లేదంటే కనిపెట్టి చూసుకుంటూ వదిలేయొచ్చు. ఇంప్లాంట్లు పెట్టాక మామోగ్రామ్‌లో, అంటే రొమ్ముకు తీసే ఎక్స్‌రేలో, కొంత భాగం సరిగా కనపడకపోవచ్చు, అందుకని తీసేవాళ్ళకు ముందే చెప్పాలి, ఇంకో రెండు ఫొటోలు ఎక్కువ తీస్తారు. ముందుముందు సూది పరీక్ష చేయాల్సివస్తే జాగ్రత్తగా చేయాలి. ఇవి జీవితాంతం ఉండేవి కావు, ఎప్పుడో ఒకప్పుడు మార్చాల్సి రావచ్చు. తొందరేం లేదు, ఆలోచించుకుని ఇంకోసారి రండి.

ఇదంతా అయ్యాక ఆగింది. హేమ నా నోటివంక చూసింది.

“ఏమంటందక్కా?”

“గడ్డలున్నయ్ కదా,” అన్నాను. “వద్దంట.”

అంతే. ఊపిరి తీసుకునేంత సేపు కూడా పట్టలేదు.

‘వద్దు’ అని ఉంటే అది నా మాట అయ్యేది. హేమ నాతో వాదించేది. ఎందుకు వద్దు, నీకెందుకు, నా ఒళ్ళు నా ఇష్టం అనేది. అప్పుడు గెలిచేది కూడా తనే. ‘అంట’ చేర్చేసరికి నేను పక్కకి తప్పుకున్నాను. అక్కడ డాక్టరు కూర్చుంది. మన భాషలో ఎంత వీలో చూడండి, ఒక్క ముక్క అంటిస్తే చాలు, మన మాట ఇంకొకరి నోట్లోకి పోతుంది. మనం ఉత్త మోసుకొచ్చినవాళ్ళమవుతాం. పుస్తకాల్లో దాన్ని ‘ట’ అని పొట్టిగా రాస్తారు. మేం గుంటూరువాళ్ళం ‘అంట’ అని సాగదీస్తాం. రోజుకి నూరుసార్లు వాడతాం. వాన పడుతుందంట. వాళ్ళమ్మాయికి సంబంధం కుదిరిందంట. ఆ నూరింటిలో ఒకటి ఇలా వాడాను.

హేమ డాక్టరు వైపు తిరిగి, “ఓకే డాక్టర్, థ్యాంక్యూ,” అంది. అది తనకు బాగా వచ్చిన ఇంగ్లీషు. హేమకి అంతా అర్థమైంది కదా అని ఆవిడ నన్నడిగింది. అర్థమైందన్నాను.

ఎందుకన్నాను? ఎన్నో కారణాలు చెప్పుకున్నాను, ఒక్కొక్క ఏడాది ఒక్కొక్కటి. ఆపరేషన్ అంటే మాటలా, పిల్లలు చిన్నవాళ్ళు, దాని మంచికే అన్నాను అనుకున్నాను. నలుగురికీ తెలిస్తే మా ఇంటి పరువేం కావాలి అనుకున్నాను. కోలుకునే వారాలన్నీ పిల్లలు నా మీదే పడతారు, నేను ఉద్యోగం చేసుకోవద్దా అనుకున్నాను. ఇవన్నీ కొంచెం కొంచెం నిజమే. కానీ ఆ గదిలో ఆ క్షణాన ఇవేవీ నా మనసులో లేవు. ‘కావాలి’ అన్న మనిషికి అది దక్కకూడదు అనిపించింది. నాకు లేని ధైర్యం దానికి ఉండకూడదు అనిపించింది. ఇంత నీచంగా ఉంటుందా మనసు? నాది ఉంది.

తిరుగు రైల్లో హేమ కిటికీ వైపు కూర్చుంది. రెండు స్టేషన్లు దాటాక అడిగింది.

“అంటే అవి మంచి గడ్డలు కావా అక్కా?”

ఈ ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు. ఆ తెలివి కూడా లేకపోయింది నాకు. అబద్ధం ఆపరేషన్ ఒక్కదాన్నే ఆపుతుందనుకున్నాను. అక్కడే సరిదిద్దుకోవచ్చు. నేను సరిగ్గా వినలేదు, మళ్ళీ ఫోన్ చేసి కనుక్కుంటాను అంటే సరిపోయేది, ఎవరికీ అనుమానం కూడా వచ్చేది కాదు. “అదేం లేదులే, జాగ్రత్త కోసం అంటారు,” అన్నాను. హేమ తలూపింది. నమ్మలేదు.

క్లినిక్‌లో ఇచ్చిన ఫోన్ నంబరు నాదే. రెండోసారి ఎప్పుడొస్తారని పది రోజులకు రిసెప్షన్ అమ్మాయి ఫోన్ చేసింది. చైల్డ్‌కేర్‌లో పిల్లలు నిద్రపోతున్న వేళ, గది బయటికొచ్చి మాట్లాడాను. ఆవిడ మనసు మార్చుకుంది, ఇక రాదు అని చెప్పాను. “నో వర్రీస్” అంది ఆ అమ్మాయి. మొదటిసారి నోరు జారిందని అనుకుందామన్నా, ఈ రెండోసారికి ఏం పేరు పెట్టను?

తర్వాత జరిగింది నేను ఊహించనిది. హేమ భయపడటం మొదలుపెట్టింది. ఫ్యామిలీ డాక్టరు ఆరు నెలలకోసారి స్కాన్ తీయించి అంతా బాగుంది, గడ్డలు పెరగలేదు అని చెప్పేవారు. బాగుంది అన్న మాట ఇంగ్లీషులోనైనా హేమకు అర్థమయ్యేది. కానీ నమ్మేది కాదు. ఎందుకో ఒకసారి నాతోనే అంది.

“బాగుంటే ఆ పెద్ద డాక్టరమ్మ ఎందుకు వద్దంటదక్కా? డబ్బొచ్చే పని ఎవరన్నా వద్దంటారా? ఆవిడకేదో కనపడే ఉంటది.”

ఎంత సరైన లెక్క! నా అబద్ధానికి అంత బలం నేను కూడా ఇవ్వలేకపోయేదాన్ని.

ఒకరోజు పొద్దున వాళ్ళింటికి వెళ్ళాను. హాల్లో అద్దం ముందు మేఘన నిలబడి జడ వేసుకుంటోంది. దానికి ఒత్తయిన జుట్టు, చేతులు వెనక్కి అందడంలేదు, పాయలు జారిపోతున్నాయి. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. “మమ్, ఐ కాంట్,” అంటోంది. హేమ సోఫాలో కూర్చుని చూస్తోంది. చేతులు రెండూ ఒళ్ళో ఒకదాంట్లో ఒకటి ఇరికించి పెట్టుకుంది, సాయానికి లేవకుండా. ఎందుకే పసిపిల్లని ఏడిపిస్తావని నేను కసిరాను. హేమ మేఘనకి వినపడకుండా అంది.

“నేర్చుకోవాలక్కా. నేనుంటే సరే. లేకపోతే?”

పొయ్యిమీద అన్నం వార్చడం కూడా నేర్పుతోందట. తమ్ముడికి ఆయాసం వస్తే నెబ్యులైజర్ పెట్టడం, బడికి టిఫిన్ డబ్బా కట్టడం. ఎనిమిదేళ్ళ దానికి. నేను కారులో ఏదో మర్చిపోయానని చెప్పి బయటికొచ్చి, కారులో కూర్చుని తలుపు వేసుకున్నాను. అప్పుడు చెప్పాలి. లోపలికి వెళ్ళి, హేమా నువ్వు చచ్చిపోవడంలేదు, ఆ మాట నేను కల్పించాను అని చెప్పాలి. కారు తలుపు పిడి మీద చెయ్యి పెట్టాను కూడా. చెబితే ఏమవుతుంది? మరిది మా గడప తొక్కడు. మా ఆయన నా మొహం చూడడు. అన్నదమ్ములు విడిపోతారు. ఇవి పెద్ద కారణాల్లా కనిపించాయి. అసలు కారణం, ఇక నన్నెవరూ ఏదీ అడగరు అని. ఫోన్ తీసుకుని పదినిమిషాలు అటూ ఇటూ తిప్పి, లోపలికి వెళ్ళి, ఆ పిల్లకి జడ వేశాను.

అలా ఏళ్ళు గడిచాయి. చెప్పని ప్రతి రోజూ చెప్పడం ఇంకాస్త కష్టమైంది. హేమ ఇంగ్లీషు నేర్చుకుంది, లైసెన్సు తెచ్చుకుంది, వేర్‌హౌస్‌లో టీమ్ లీడర్ అయింది. ఎవరికీ భయపడదు. రొమ్ము మీదికి చెయ్యి పోతే మాత్రం ఇప్పటికీ మొహం మారిపోతుంది. మాట్లాడుతూ మాట్లాడుతూ చొక్కా మీదనుంచి తడుముకుంటుంది. తనకు తెలియకుండానే. నాకు తెలుస్తుంది. ఎంతమందిలో ఉన్నా నా కళ్ళు ఆ చేతిమీదే ఉంటాయి.

రెండు నెలల క్రితం మేఘనకు గడ్డ తగిలింది. దానికిప్పుడు పదిహేడు. “దానిక్కూడా వచ్చిందక్కా,” అని హేమ ఫోన్‌లో అన్నప్పుడు ఆ గొంతు తనది కాదనిపించింది. నేను వెంట వస్తానన్నాను. అవసరం లేకపోయింది. మేఘనే డాక్టరుతో మాట్లాడింది, స్కాన్ చేయించుకుంది. తల్లికి వచ్చినదాని లాంటిదే, మామూలు గడ్డ, వదిలేయమన్నారు. అంతటితో ఊరుకునే పిల్ల కాదది. మా అమ్మకి ఈ గడ్డలవల్లే ఇంప్లాంట్లు వద్దన్నారు, అంటే ఇవి ప్రమాదమా అని అడిగిందట. అలా ఎవరు చెప్పారని ఆ డాక్టరు ఆశ్చర్యపోయారట.

ఆ సాయంత్రం హేమ వంటింట్లో ముగ్గురమే ఉన్నాం. మేఘన నన్ను సూటిగా చూస్తూ అడిగింది.

“డాక్టర్ సెడ్ దట్స్ జస్ట్ నాట్ ట్రూ, పెద్దమ్మా. వాట్ డిడ్ హర్ డాక్టర్ యాక్చువల్లీ సే?”

నాకన్నా ముందు హేమే అందుకుంది.

“అప్పటి సంగతి వేరే. అప్పుడు ఒప్పుకునేవాళ్ళు కాదు, ఇప్పుడన్నీ మారినయ్. ఆ రోజు పెద్దమ్మ లేకపోతే నాకేం తెలిసేది?”

నన్ను కాపాడింది. తనకు నేను చేసిన దాన్నుంచి నన్ను తనే కాపాడింది. నేనేం చేశానో తెలుసా? తలూపాను. మేఘన తన చూపు నామీదనుంచి వెంటనే తీయలేదు.

అది లోపలికి వెళ్ళాక నేను హేమని అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను. “మరి ఇప్పుడు చేయించుకుంటావా?”

హేమ నవ్వింది. “ఇప్పుడెందుకక్కా? అదొక సరదా, అయిపోయింది. ఇప్పుడు నాకేం అనిపించట్లా.”

దాని మొహంలో వెతికాను. దాచుకుందేమో, బింకానికి అంటోందేమో అని. లేదు. చిక్కుడుకాయలు ఒలుస్తూ నాకు కావాలి అన్న హేమ అక్కడ లేదు. నిజం ఇప్పుడు చెప్పినా వెనక్కిచ్చేది ఏముంది? భయం పోతుందేమో. ఆ కోరిక రాదు. దాన్ని నేను ఆపలేదు, చంపాను. హేమ ముప్పై మూడో ఏట నుంచి నలభై రెండో ఏట దాకా.

హేమకు ఇంకా చెప్పలేదు. చెబుతానని మీకు మాటివ్వలేను, ఇస్తే అది కూడా అబద్ధమవుతుందేమోనని భయం. మీరు క్షమించాలని రాయలేదు. మీరు క్షమించినా పనికిరాదు. క్షమించాల్సిన మనిషికి క్షమించడానికి ఏదో ఉందనే తెలియదు.

ఇవాళ ఇంట్లో ఎవరూ లేరు. రాసింది పక్కన పెట్టి, రెండు వాక్యాలు పైకి అన్నాను. డాక్టరమ్మ చేయించుకోవచ్చు అంది. వద్దన్నది నేను. మొదటిసారి ‘నేను’ దగ్గర గొంతు ఆగిపోయింది. మంచినీళ్ళు తాగి మళ్ళీ అన్నాను. రెండోసారి ఆగలేదు.